అడుగుకి అర అంగుళం

జూన్ 3

దర్జీ దొరగారికి,

బావ రాస్తున్నాడు. ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. ఫోన్ చేస్తే మీ అక్క నా చేతిలోంచి లాక్కుంటుంది, ఆ తర్వాత మీ ఇద్దరి ముచ్చట్లే తప్ప నా పని సాగదు. నాకు కావలసినవి కొలతలు. అవి కాగితం మీద, బొమ్మ గీసి కావాలి.

సంగతి ఇది. మొన్న కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాం. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది కూడా అంచుల నుంచి లోపలికి తగ్గుతూ వస్తుందని చెప్పాడు. ప్రస్తుతానికి మధ్యలో ఓ పళ్ళెమంత మేర బాగానే కనిపిస్తోందట. ఎన్నాళ్ళుంటుందని అడిగితే ఆయన కలం మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. మీ అక్క ఏడవలేదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "తమ్ముడు ఎప్పట్నుంచో రమ్మంటున్నాడుగా, వెళ్ళిపోదాం. ఈ మేడమెట్లు ఇక నావల్ల కాదు" అంది. నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. వెంటనే మెలిక పెట్టింది. "కానీ ఎవరో ఒకళ్ళు చెయ్యి పట్టుకుని నడిపిస్తే నడిచే ఇంట్లో నేనుండను. ఆ ఇల్లు నాకు ముందే తెలియాలి."

టైపు ఇన్‌స్టిట్యూట్‌లో జీవితమంతా "కీబోర్డు చూడకండమ్మా, వేళ్ళకి తెలియాలి" అని పిల్లల్ని అదిలించిన మనిషి. ఆమెకి ఇల్లు తెలియడమంటే వేళ్ళకి తెలియడమే. అందుకని నీ ఇంటి నమూనా చేద్దామని కూర్చున్నాను.

నా పిచ్చి నీకు కొత్త కాదు. గడియారాల కొట్లో బేరం లేనప్పుడల్లా అట్టలు కోసి భవనాలు కడతాను కదా. అద్దాల బీరువాలో కోర్టు, రైలు స్టేషను, నీళ్ళ ట్యాంకు, ఎదురింటివాళ్ళ మేడ అన్నీ ఉన్నాయి. కానీ అన్నీ పైపై గోడలే, లోపలంతా డొల్ల. ఇప్పుడు మొదటిసారి లోపలి నుంచి మొదలుపెడుతున్నాను. దీనికి పైకప్పు ఉండదు. వేళ్ళు దిగేంత గదులు, తెరుచుకునే తలుపులు, గడపలు, మంచాలు, బల్లలు ఉంటాయి. కొలత అడుగుకి అర అంగుళం. కాబట్టి గదులన్నీ కొలిచి పంపు. సామాను కూడా కొలువు. "సుమారుగా" అనే మాట రాశావంటే ఊరుకోను.

మీ బావ

జూన్ 11

గడియారం బావకి,

నీ ఉత్తరం కొట్లోనే విప్పాను. కొలతలివ్వడానికి వచ్చినాయన చేతులు రెండూ చాపి అలాగే నిలబడి ఉంటే, నేను ఆయన ముందే ముక్కు చీదుకున్నాను. జలుబండీ అన్నాను. పాపం, నమ్మాడు.

మీరు వస్తున్నారు, అది చాలు నాకు. ఈ ఇల్లు కట్టుకున్నప్పట్నుంచీ అక్క ఒక్కసారైనా వచ్చి చూసిందా? ఎప్పుడు పిలిచినా పరీక్షలంటుంది, కొత్త బ్యాచంటుంది, నీకు దగ్గొచ్చిందంటుంది. నేను ఒక్కో ఇటుకా చూసి కట్టించుకున్న ఇల్లిది బావా. అక్క తన కళ్ళతో చూడాలి. చూపు ఉండగానే చూడాలి. గోడలకి రంగు వేయిస్తున్నాను, తనకి ఇష్టమైన లేత పసుపు. బల్బులన్నీ మార్చి పెద్దవి పెట్టించాను. కొట్లోకి వచ్చినవాళ్ళు ఇదేమిటి, పెళ్ళా అంటున్నారు. ఈ వయసులో నాకు పిల్లనెవరిస్తారండీ అన్నాను.

బొమ్మ, కొలతలు వేరే కాగితం మీద పెట్టాను. వీధి వైపు నా కుట్టుకొట్టు. అందులో మిషను, గుడ్డ కత్తిరించే పెద్దబల్ల ఉంటాయి. దాని వెనక పెద్దగది, అది మీది. కిటికీ ఉంది, గాలి బాగా వస్తుంది. మీకు కొత్త మంచం చేయిస్తున్నాను. పక్కన వంటిల్లు, వంటింటి అవతల నా గది. చిన్నదే, కానీ నా మంచం పడుతుంది, నా ఒక్కడికీ చాలు. బయటి గోడల కొలత మాత్రం మేస్త్రీ ఇచ్చిన పాత ప్లానులోంచి ఎక్కించాను. లోపలివన్నీ నేనే స్వయంగా, ఒళ్ళు దగ్గర పెట్టుకుని కొలిచాను. ఎక్కడా "సుమారుగా" లేదు. ఎప్పుడు వస్తున్నారో రాయి.

ప్రేమతో,
నీ బావమరిది

జూన్ 25

దొరగారికి,

నీ ఇల్లు కలవడం లేదు.

అట్ట కోశాను, గోడలు నిలబెట్టాను, జిగురు పెట్టబోయే ముందు గదులన్నీ పక్కపక్కన పేర్చి చూశాను. గదులన్నీ కలిపితే ఇల్లు దాటిపోతోంది. వంటిల్లు వీధిలోకి వచ్చింది. నీ గది పక్కింటి గోడలో దూరింది. నేనే తప్పు కోశానేమోనని గడియారాలకి వాడే భూతద్దం కంటికి పెట్టుకుని మళ్ళీ మొదట్నుంచీ కొలిచాను. నా తప్పేమీ లేదు. నీ గదులు నీ ఇంటికంటే పెద్దవి. ఇది ఎలా కట్టావయ్యా బాబూ?

గొప్పకి పోయి గదుల్ని కాస్త పెంచి రాశావా? మాకు ఇరుకైనా పర్వాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పు.

మీ అక్క పక్కనే కూర్చుని నేను కోసిన ముక్కల అంచులు గరుకు కాగితంతో నున్నగా రుద్దుతోంది. వంటింటి గడప తన చేత్తోనే చేసింది, అగ్గిపుల్లతో. కాలికి తగిలే చోటు ముందు చేతికి తెలియాలట.

మీ బావ

జూలై 2

బావకి,

గొప్పకి పోయి పెంచి రాశానా? ఆ మాట చదివినప్పట్నుంచీ మనసు మనసులో లేదు. చొక్కాకి చెయ్యి బదులు కాలరు కత్తిరించాను.

నాది చిన్న ఇల్లే. నాకు తెలుసు. మీ బీరువాలో కోర్టు ముందు పెడితే అది కాపలావాడి గదిలా ఉంటుంది. కానీ నేను అబద్ధపు కొలతలు రాసే మనిషినా? జీవితమంతా నేను చేసిందే కొలవడం! నాకు ఒకటి అనిపిస్తోంది, తప్పయితే తిట్టు. మీకు రావడం ఇష్టం లేదేమో. అది నాతో చెప్పలేక గోడ కలవలేదు, గది దాటిపోయింది అని వంకలు పెడుతున్నావేమో. అదే నిజమైతే ముక్కుసూటిగా చెప్పెయ్యి. రంగులవాణ్ణి ఆపేస్తాను.

మళ్ళీ కొలవను. కొలిచినవి కరెక్టే.

నీ బావమరిది

జూలై 8

కోపిష్టి దొరగారికి,

రంగులవాణ్ణి ఆపకు. కేసు తేలింది. తేల్చింది నేను కాదు, మీ అక్క.

నీ ఉత్తరం చదివి వినిపించాను. నువ్వు అలిగిన చోట పెదవి కొరుక్కుంది. "వాడు ఏ టేపుతో కొలిచాడు?" అని అడిగింది. నాకేం తెలుసన్నాను. "ఇంకేం టేపు, మెడలో వేసుకు తిరిగేదే. అది ఐదడుగులేగా. గోడ పొడుగునా ఎత్తి ఎత్తి పెట్టుంటాడు. ఎత్తినప్పుడల్లా వాడి చెయ్యి దానంతటదే రెండంగుళాలు లూజు వదిలేస్తుంది. ఇన్నేళ్ళలో వాడు కుట్టిన జాకెట్టు ఒక్కటైనా నాకు బిగుతైందా?" అంది.

కాగితం తీసి ఒక్కో గోడకీ ఎన్నిసార్లు టేపు పడుతుందో చూసి అన్ని రెండంగుళాలూ తీసేశాను. ఇల్లు అచ్చంగా కలిసిపోయింది! పెరిగే పిల్లలకి కుట్టినట్టు ఇంటికి కూడా లూజు పెట్టావన్నమాట. నేను నవ్వుతూనే ఉన్నాను. మీ అక్క మాత్రం నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "పాపం వాడు, ఎవరికీ ఏదీ బిగుతుగా ఉండకూడదు వాడికి" అంది.

నిన్ను అనుమానించాను, అది నాదే పొరపాటు. చొక్కాకి రెండో కాలరు నా పేరు మీద రాసుకో.

మీ బావ

జూలై 15

బావకి,

ఉత్తరం అందగానే మేస్త్రీ దగ్గర ఇనప టేపు తెచ్చి కొలిచాను. అక్క మాట అక్షరాలా నిజం. నా చెయ్యి నాకు చెప్పకుండా ఇంత పని చేస్తోందని నాకే తెలియదు. మిషన్ దగ్గర పనిచేసే ఆవిడకి చెబితే సూది కింద పెట్టి మరీ నవ్వింది. నేను అలిగినందుకు నువ్వు ఏమనుకోకు. నాకు అలగడానికి మీరిద్దరే ఉన్నారు.

ఇప్పుడు ఇల్లు కలిసింది కదా. జిగురు పెట్టి, మూట కట్టుకుని వచ్చెయ్యండి. రంగు వెయ్యడం అయిపోయింది. పొద్దున్నే కిటికీలోంచి వెలుగు పడితే పెద్దగది ఎంత బాగుంటుందో! అక్క చూస్తే తెలుస్తుంది.

నీ లూజు దర్జీ

ఆగస్టు 5

దొరగారికి,

ఆలస్యంగా రాస్తున్నాను. తలుపులకి కీళ్ళు చేయడంలో రోజులు గడిచిపోయాయి. పాత గడియారాల ముళ్ళు కోసి కీళ్ళుగా అమర్చాను. నీ వంటింటి తలుపు ఇప్పుడు గోటితో తోస్తే తెరుచుకుంటుంది. కిటికీ గడియలు ఇంకా నచ్చలేదు, మళ్ళీ చేస్తున్నాను.

కానీ నేను రాయాల్సింది అది కాదు. మంచాలూ బల్లలూ చేసి ఓ డబ్బాలో వేసి మీ అక్క చేతికిచ్చాను. ఒక్కొక్కటీ వేళ్ళతో పోల్చుకుని, ఎక్కడిదక్కడ పెట్టుకుంటూ వచ్చింది. చివరికి ఒక్కటి మిగిలింది.

"ఇది తమ్ముడి మంచమేగా?"

"అవును."

"వాడి గదిలో పట్టట్లేదు."

నిలువుగా పెట్టి చూసింది, అడ్డంగా పెట్టి చూసింది, ఐమూలగా కూడా పెట్టి చూసింది. నేను మంచం తప్పు కోశాననుకుని ఇంకోటి చేసిచ్చాను. అదీ పట్టలేదు. నీ లూజు ఉన్నన్నాళ్ళూ మంచం ఆ గదిలో సరిగ్గా పట్టేది. లూజు తీసేశాక పట్టడం లేదు. మీ అక్క ఆ చిన్న మంచాన్ని గుప్పిట్లో పెట్టుకుని, ఆ గది నాలుగు గోడలూ ఇంకోసారి వేలితో తడిమింది. ఆ తర్వాత, "అది గది కాదు, సామాన్ల కొట్టు. వాడు పడుకునే గది మనకిచ్చేస్తున్నాడు. వాడు ఎక్కడ పడుకుంటాడో అడుగు" అంది.

అడుగుతున్నాను. ఎక్కడ పడుకుంటావు?

ఆమె ప్రయాణం మానేసిందని కూడా నీకు చెప్పాలి. "నా తమ్ముణ్ణి వాడింట్లోంచి బయటికి నెట్టి నేను కిటికీ గాలి పీల్చాలా? మెట్ల మీంచి పడ్డా సరే, ఇక్కడే ఉంటాను" అంటోంది. నేను ఎంత చెప్పినా వినడం లేదు.

మీ బావ

ఆగస్టు 12

బావా,

దొరికిపోయాను. సామాన్ల గదే. నేను గుడ్డ కత్తిరించే బల్ల మీద పడుకుందామనుకున్నాను. ఆ మంచం ఎవరికైనా ఇచ్చేసేవాణ్ణి. ఆ బల్ల వెడల్పైనది, నడుముకి కూడా మంచిదట. ఇది మీకు చెబితే రారని తెలిసే చెప్పలేదు. నేను దాచుకున్నదాన్ని నా రెండంగుళాలే పట్టించేశాయి.

అక్కకి చెప్పు. నాకు జ్వరమొస్తే స్టూలు మీద ఎక్కి నిలబడి గంజి కాచిపెట్టినప్పుడు తనకి ఎన్నేళ్ళు? అప్పుడు తను ఎక్కడ పడుకుందో నేను అడిగానా? ఇన్నాళ్ళకి నా ఇంట్లో తనకంటూ ఓ గది ఇవ్వగలిగాను. అది కూడా వద్దంటే నేనింక ఈ ఇల్లు ఎవరికోసం కట్టుకున్నట్టు?

నీకు కూడా ఒక మాట చెప్పాలి. కోపం వచ్చినా సరే. జూన్‌లో మొదలుపెట్టావు, ఆగస్టు సగమైంది. గోడలు కలిశాయి, తలుపులు తెరుచుకుంటున్నాయి. ఇప్పుడు కిటికీ గడియలు నచ్చలేదంటున్నావు. ఎవరికి నచ్చలేదు? అక్క చూపు నీ జిగురు ఆరేదాకా ఆగుతుందా? వారానికోసారి అక్కతో ఫోన్లో మాట్లాడుతున్నాను. ఇదివరకు అద్దంలో మొహం మొత్తం కనిపించేదని, ఇప్పుడు తల అటూ ఇటూ తిప్పితే గానీ కనిపించడం లేదని నవ్వుతూ చెప్పింది. నువ్వు నాకు ఆ ముక్క రాయలేదేం బావా?

నీ బావమరిది

ఆగస్టు 20

తమ్ముడూ,

దొరా గీరా అని ఇవాళ పిలవలేను.

నువ్వు రాసింది నిజం. గడియలు బాగానే ఉన్నాయి. మొదటిసారి చేసినవే బాగున్నాయి. నేనే వాటిని పీకి మళ్ళీ చేస్తున్నాను. ఈ నమూనా ఎందుకు చేస్తున్నానో మర్చిపోయి చేసినంతసేపూ నాకు హాయిగా ఉండేది. ఇది పూర్తయి ఆమె చేతికిస్తే, ఆమెకి చూపు పోతోందని నేను ఒప్పుకున్నట్టవుతుంది. నాకు భయంగా ఉంది. కొట్లో కూర్చుని ఇతరుల గడియారాలు బాగుచేస్తుంటాను, ఇంటికొస్తే ఒక్క పనీ చేతకాదు. అందుకే ఆ గడియల వెనక దాక్కున్నాను.

నీ ఉత్తరం మొత్తం, నన్ను తిట్టిన భాగంతో సహా, మీ అక్కకి చదివి వినిపించాను. గంజి దగ్గర ఆగమంది. మళ్ళీ చదవమంది. ఆ తర్వాత నన్ను మందలిస్తుందనుకున్నాను. నా చెయ్యి వెతికి పట్టుకుని, "నీకు భయమేసిందని నాకు తెలుసు. నేనే ఆగాను. నువ్వు తేరుకుంటావులే అని" అంది. ఇద్దరం ఇన్నాళ్ళూ ఒకళ్ళకోసం ఒకళ్ళం ఆగుతున్నాం!

ఆ తర్వాత నమూనాని ఒళ్ళో పెట్టుకుంది. కొట్టులోంచి నీ పెద్దబల్ల ఎత్తి మా గదిలో కిటికీ కింద పెట్టింది. బల్ల ఉన్న చోట నీ మంచం పెట్టింది. సరిగ్గా పట్టింది, పక్కన నడవడానికి దారి కూడా మిగిలింది.

"చూశావా, ఇంతే! వాడు పగలంతా మన గదిలో గుడ్డ కత్తిరించుకుంటాడు. కిటికీ వెలుగు కత్తెరకి పనికొస్తుంది. నాకు తోడుంటాడు. రాత్రి కొట్లో తన మంచం మీద కాళ్ళు చాపుకుని పడుకుంటాడు. ఇలాగైతేనే వస్తాను. లేకపోతే రానని రాయి" అంది.

రాశాను. బల్లని నువ్వు జరుపు. గోడకి ఎన్ని అంగుళాల దూరంలో పెట్టాలో కింద బొమ్మ గీశాను. ఈసారి లూజు వదలకు. వదిలావంటే ఆమె మోకాలికి తగులుతుంది.

ఒక్క సంగతి. తను ముందు వచ్చేస్తానంటోంది. తన దగ్గర టైపు నేర్చుకున్న అమ్మాయి ఒకామె అటే ప్రయాణం చేస్తోందట, తోడు తీసుకొస్తుంది. నా దగ్గర జనం ఇచ్చిపోయిన గడియారాలు ఉన్నాయి. అవి బాగుచేసి ఎవరివి వాళ్ళకి ఇచ్చి, కొట్టు అప్పజెప్పి వస్తాను. పెళ్ళయినప్పట్నుంచీ ఆమె నేను లేకుండా ప్రయాణం చేయడం ఇదే. నమూనా కూడా వద్దంది, అక్కర్లేదట. అది నా దగ్గరే ఉంది. ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

జాగ్రత్త. అంటే, ఆమె జాగ్రత్తగా ఉంటుంది. నువ్వు కంగారుపడి చెయ్యి పట్టుకోకు.

మీ బావ

సెప్టెంబరు 4

బావా,

అక్క వచ్చింది.

ఫోన్లో రెండు ముక్కలు చెప్పి పెట్టేశానని నీకు కష్టంగా ఉండుంటుంది. అక్క వింటుండగా ఇవన్నీ చెప్పలేక పెట్టేశాను. ఇప్పుడు రాస్తున్నాను.

నువ్వు చెప్పినట్టే బల్ల జరిపాను. ఇనప టేపుతో కొలిచి జరిపాను. దారిలో ఒక్క దారపుండ కూడా లేకుండా ఊడ్చాను. పట్టపగలే లైట్లన్నీ వేశాను. గోడలు తళతళలాడుతున్నాయి. అక్క ఆటో దిగగానే నా చెయ్యి ముందుకు వెళ్ళిపోయింది, నీ మాట గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాను.

గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, అక్క కళ్ళు మూసుకుంది.

నాకు అర్థం కాలేదు. అలసిపోయిందేమో అనుకున్నాను. కళ్ళు మూసుకునే లోపలికి నడిచింది. మిషన్ పక్క నుంచి తిరిగింది. నా మంచం కోడు తాకి వదిలేసింది. వంటింటి గడప దగ్గర కాలు సరిగ్గా ఎత్తి పెట్టింది. సామాన్ల గది తలుపు తోసి, "దీన్నా గదని రాశావు!" అని నన్ను తిట్టింది. పెద్దగదిలోకి వచ్చి బల్ల చుట్టూ తిరిగి, కిటికీ గడియ తీసి రెక్కలు తెరిచింది. ఎక్కడా తడుముకోలేదు. ఆ అమ్మాయి, నేను వెనకే నడుస్తున్నాం, కొత్తవాళ్ళం మేమన్నట్టు.

నాకు మాత్రం ఒక బాధ. "అక్కా, కళ్ళు తెరువు. రంగు చూడు. నీకోసమే వేయించాను" అన్నాను. చిన్నపిల్లాడిలా అడిగాను బావా, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తోంది.

"చూస్తాలే" అంది. కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఎదురుగా స్టూలు చూపించి, "ఇలా వెలుగులోకి రా. ఇంకా దగ్గరికి" అంది. నేను కూర్చున్నాక కళ్ళు తెరిచింది.

"ఇల్లు నాకు తెలిసిపోయిందిరా. మీ బావ తెలియజేశాడు. దానికి నా చూపు ఖర్చుపెట్టను. నిన్ను చూడనీ."

అని చూసింది. నుదురు చూసింది, తల కొంచెం జరిపి చెవులు చూసింది, గడ్డం పట్టుకుని పక్కకి తిప్పి చూసింది. జుట్టు ఇంత పల్చబడిందని ఫోన్లో చెప్పలేదేమంది. నాన్న కనుబొమలే నీకూ వచ్చాయంది. కొట్లోకి ఎవరో వచ్చి పిలిచారు. నేను లేవబోతే భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, "కాసేపాగండి బాబూ, మా తమ్ముణ్ణి చూసుకుంటున్నాను" అని గట్టిగా కేకేసింది. నన్ను జన్మలో ఎవరూ అంతసేపు చూడలేదు. నేను ఏడుస్తుంటే, "కదలకు, చెదిరిపోతున్నావు" అంది.

సాయంత్రం టీ తాగుతూ, వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది, ఇంకా ఎవరెవర్ని చూడాలో. పెద్ద జాబితా ఏం కాదు. నేను అయిపోయాను. నువ్వొక్కడివే మిగిలావు.

గడియారాలు ఎవరివి వాళ్ళకి అలాగే ఇచ్చెయ్యి. ఆగినవి ఆగనీ. నువ్వు బయల్దేరు బావా.

నీ బావమరిది